కోనసీమలో లేని కాలువలా అవి?

ప్రశ్న: మేడమ్, జూన్‌లో అమ్మానాన్నలతో యూరప్ టూర్ వెళ్తున్నాం. ప్యాకేజీలో ఆమ్‌స్టర్‌డామ్‌కి ఒక్క రోజే, గంట సేపు బోటెక్కించి తీసుకొచ్చేస్తారట. కాలువలు మన కోనసీమలో లేవా, దానికి అంత దూరం ఎందుకు అంటున్నారు నాన్న. మీరు వెళ్ళొచ్చారు కదా, నిజంగా ఏముందక్కడ?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీ నాన్నగారు అడిగింది న్యాయమైన మాటేనండి, నేనూ గోదావరి కాలవ గట్టు మీద పెరిగినదాన్నే, వెళ్ళేముందు నాకూ అదే అనుమానం. కానీ మన కాలవలు పొలాలకి నీళ్ళివ్వడానికి తవ్వినవి, అక్కడివి 17వ శతాబ్దంలో ఊరు పెరుగుతుంటే సరుకుల పడవలు నేరుగా ఇంటి గుమ్మం దాకా రావడానికి తవ్వుకున్నవి. అందుకే బోట్లో కూర్చుని నీళ్ళు చూస్తే ఏమీ తెలీదు, దిగి నడుస్తూ ఇళ్ళని తలెత్తి చూడాలి. దాదాపు ప్రతి ఇంటి నెత్తినా ఒక దూలం ముందుకి పొడుచుకొచ్చి కొస కొక్కెం ఉంటుంది, దానికి మన నూతి గిలక లాంటిది తగిలించి సరుకు మూటలు పైఅంతస్తులకి లాగేవాళ్ళు. లోపల మెట్లు ఎంత ఇరుకంటే ఇప్పటికీ బీరువాలు, సోఫాలు కిటికీల్లోంచే ఎక్కిస్తారు. చాలా ఇళ్ళు కాలవ వైపుకి కాస్త ఒరిగి ఉంటాయి, మూట గోడకి రాసుకోకుండా కొన్నిటిని అలాగే కట్టారట, కొన్ని మాత్రం కింద నేల కుంగి ఒరిగినవి.

నేల అంటే అంతా బురదే మరి, చెక్క దుంగలు లోతుగా దిగ్గొట్టి వాటి మీద నిలబెట్టిన ఊరది. డామ్ స్క్వేర్‌లో ఉన్న రాజభవనం ఒక్కదాని కిందే 13,659 దుంగలున్నాయి, ఈ లెక్క అక్కడి పిల్లలు ఎలా గుర్తుపెట్టుకుంటారంటే ఏడాదికి 365 రోజులు కదా, దానికి ముందు 1 వెనక 9 పెట్టెయ్యడమే. నాకిది భలే నచ్చింది.

అన్నిటికంటే నన్ను కదిలించింది వేరే ఉంది. పాత ఊళ్ళో డచ్ ఈస్టిండియా కంపెనీ ఆఫీసు బిల్డింగ్ ఇంకా ఉంది, ఇప్పుడు యూనివర్సిటీ వాళ్ళు వాడుకుంటున్నారు. 1602లో పెట్టిన ఆ కంపెనీ 1606 నాటికే మన బందరులో వ్యాపారం మొదలుపెట్టింది, మన తీరంలో అద్దకం వేసిన బట్టలు ఓడల్లో అక్కడిదాకా వెళ్ళేవి. మనం చీటి గుడ్డ అంటామే, వాళ్ళు సిట్స్ అంటారు. బందరులో, భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూసినవాళ్ళకి ఆ ఇటుక గోడల ముందు నిలబడితే ఎలా ఉంటుందో నేను చెప్పలేను, నాకైతే కాళ్ళు కదల్లేదు.

ఒక్క రోజు చాలదండి, కనీసం రెండు రోజులు అడగండి. నాజీలకి దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి అన్నె ఫ్రాంక్ ఉన్న ఇల్లు ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలవ ఒడ్డునే ఉంది, 1942 జులై నుంచి 1944 ఆగస్టు దాకా ఎనిమిది మంది పుస్తకాల బీరువా వెనక గదుల్లో బతికారు. ఆ గదుల్ని ఖాళీగానే ఉంచారు, వాళ్ళలో ప్రాణాలతో మిగిలిన ఒకే ఒక్క మనిషి, అన్నె వాళ్ళ నాన్న, అలా ఉంచమన్నారు. టికెట్లు ఆన్‌లైన్‌లోనే, ఆరు వారాల ముందు మంగళవారం నాడు వదుల్తారు, అక్కడికెళ్ళి కొనుక్కుందాం అంటే కుదరదు. మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులుంటే ముందే ఆలోచించుకోండి.

పెద్దవాళ్ళతో ఇంకో జాగ్రత్త, ఎర్రగా ఉండే దారి సైకిళ్ళది, ఫుట్‌పాత్ అనుకుని దిగొద్దు, వాళ్ళు ఆగరు. మా అత్తగారిని రెండుసార్లు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. సెంట్రల్ రైల్వే స్టేషన్ దగ్గర్లోనే రెడ్ లైట్ ఏరియా ఉంటుంది, అక్కడ కిటికీల్లో ఉన్నవాళ్ళని ఫొటో తియ్యకండి. స్టేషన్ వెనక నుంచి అవతలి ఒడ్డుకి ఫెర్రీ ఫ్రీ, మన పంటు లాగా సైకిళ్ళతో సహా ఎక్కేస్తారు, నాన్నగారికి అది తప్పక నచ్చుతుంది. తిండికి బెంగ అక్కర్లేదు, సురినామ్ (దక్షిణ అమెరికాలో ఒకప్పుడు డచ్చివాళ్ళ ఏలుబడిలో ఉన్న దేశం) హోటళ్ళుంటాయి, 1873 నుంచి కూలికి సురినామ్ వెళ్ళిన మనదేశం వాళ్ళ మనవలు అక్కణ్ణుంచి వచ్చి నడిపేవి కూడా వాటిల్లో ఉన్నాయి, రోటీ అడిగితే బంగాళాదుంప కూర, పొడుగు చిక్కుళ్ళతో పెడతారు.

బోటు సాయంత్రం ఎక్కండి, పొద్దున్నే మాత్రం జనం లేవకముందు కాలవ గట్టున నడవండి, నాన్నగారికి ఆ దూలాలు, కొక్కేలు చూపించి, బందరు బట్టల మూటలు కూడా ఇలాంటి గిలకల మీదే పైకెక్కాయని చెప్పండి.