బడిలో నాట్యం చెప్పబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఉన్నత పాఠశాలలో ఆరు నుంచి పదో తరగతి వరకు పిల్లలకు కూచిపూడి నేర్పే పని నీకు దొరికిందని తెలిసి ఎంతో సంతోషించాను. చేరీచేరగానే వార్షికోత్సవానికి ఒక అంశం సిద్ధం చేయమన్నారని రాశావు. ఆ ఒత్తిడికి లోబడి, కాస్త వచ్చిన ఎనిమిది మందిని ఏరుకుని, మిగిలిన యాభై మందినీ గోడ వారన కూర్చోబెట్టవద్దని నా మొదటి మాట. నిన్ను నియమించింది తరగతి మొత్తానికి.

మొదటి నెల కూర్చోబెట్టి తాళం చెప్పు. ఆదితాళానికి ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, ఆపైన రెండుసార్లు దెబ్బ, విసురు, మొత్తం ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. అదే ఆవర్తంలో, అంటే తాళం ఒక చుట్టులో, 'తకధిమి' మొదటి కాలంలో (నెమ్మది వేగంలో) రెండుసార్లు, రెండో కాలంలో నాలుగుసార్లు, మూడో కాలంలో ఎనిమిదిసార్లు పలకాలి. చేయి పరుగెత్తకుండా నోరు మాత్రమే వేగం పెంచడం పిల్లలకు మొదట కష్టంగా ఉంటుంది కానీ, అది పట్టుబడిన రోజున వాళ్ళ ముఖాల్లో కనిపించే ఉత్సాహమే నీకు తరువాతి పాఠానికి దారి చూపుతుంది. సిగ్గుపడే పిల్లలకు కూడా కూర్చుని వేసే తాళంలో ఇబ్బంది ఉండదు.

అరమండి, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలిచే భంగిమ విషయంలో ఏమాత్రం తొందరపడవద్దు. పాదాలు పూర్తిగా పక్కకు తిరగాలని బలవంతపెడితే, తుంటి దగ్గర అంత వీలు లేని పిల్లల మోకాళ్ళు ముందుకు వాలి, భారమంతా కీళ్ళ మీద పడుతుంది. మోకాలు ఎప్పుడూ కాలి వేళ్ళ దిశలోనే వంగాలి. పాదాలు ఎంతవరకు తిరిగితే అంతవరకే చాలు. పైగా మన బళ్ళలో ఉండేది సిమెంటు నేల. దాని మీద గంటసేపు గట్టిగా పాదాలతో తట్టు వేయిస్తే పిక్కలూ మోకాలి కింద ముందువైపు ఎముకలూ నొప్పి పుడతాయి. ఉదయం పీరియడ్ అడిగి తీసుకుని, రాళ్ళు ఏరించిన చదును మట్టి నేల మీద చెట్టు నీడన చేయించు. తప్పు సరిదిద్దేటప్పుడు పిల్లలను ముట్టుకోకుండా, నువ్వే పక్కన నిలబడి చేసి చూపించు. ఈ వయసులో శరీరం మారుతున్న పిల్లలకు ఆ గౌరవం చాలా అవసరం. ఏ అమ్మాయైనా ఈ రోజు ఆడలేనంటే కారణం అడగకుండా తాళం వేసే పని అప్పగించు.

నాట్య గ్రంథమైన అభినయ దర్పణంలోని 28 అసంయుత హస్తాలను, అంటే ఒంటిచేతి ముద్రలను, శ్లోకంతో సహా బట్టీ పట్టించడం తరువాత చూసుకోవచ్చు. ముందు పతాకం, అంటే వేళ్ళన్నీ కలిపి చాచి బొటనవేలు మడిచే ముద్ర, ఒక్కటి చాలు. మేఘం, అడవి, రాత్రి, నది, వద్దని వారించడం, ఇవన్నీ ఆ ఒక్క హస్తానికి చెప్పిన వినియోగాల్లోనివే. ఊరి కాలువను పతాకంతో చూపించమని ఎనిమిదో తరగతి వాళ్ళను అడిగి చూడు. ఒకరు నీటి అలను, ఒకరు గట్టు మీద నుంచి దూకవద్దనే తల్లిని చూపిస్తారు. చూపు చేతి వెంట వెళ్ళాలని అప్పుడు చెబితే వెంటనే అర్థమవుతుంది.

మగపిల్లలు ఇది ఆడవాళ్ళ విద్య అని వెనక్కి తగ్గుతారు. కృష్ణా జిల్లా కూచిపూడిలో తరతరాలుగా మగవారే ఈ నాట్యాన్ని ఆడారనీ, సత్యభామ కథను ఆడే భామాకలాపంలో ఆమె వేషానికి పేరుపొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ గారు పురుషులేననీ వాళ్ళకు చెప్పు. అప్పటికీ కలవనివారిని కోలాటంతో కలుపు. కర్రలు చేతిలో ఉంటే ఎవరికీ సంకోచం ఉండదు, పైగా అరవై మంది ఒకేసారి ఆడవచ్చు.

ఇక వార్షికోత్సవానికి ఆ కోలాటమే పెట్టు, మధ్యలో నేర్చిన అడుగులు రెండు మూడు చేర్చు. వరుసలను వారం వారం మార్చు, ఎప్పుడూ ఒకే అమ్మాయి ముందు నిలబడకూడదు. అద్దె దుస్తులకు తల్లిదండ్రుల చేత డబ్బు ఖర్చు పెట్టించవద్దు. బడి దుస్తుల మీద నడుముకు చున్నీ కడితే సరిపోతుంది. గజ్జెల సంగతి ప్రధానోపాధ్యాయులు అడిగితే, అడుగు శుద్ధి కుదిరేదాకా ఒక విద్యా సంవత్సరం ఆగమని వినయంగా చెప్పు. ఏ తరగతికి ఎన్ని పీరియడ్లు ఇచ్చారో నాకు రాస్తే, పాఠాల వరుస ఎలా వేసుకోవాలో వివరంగా పంపుతాను.

ఇట్లు,
నీ పాత టీచరు