అల్లుడూ, ముందు ఆ మెడ తడుముకోవడం ఆపు

ఒరేయ్ అల్లుడూ,

నాకు హెచ్‌ఐవీ సోకిందేమో మావయ్యా అని రాత్రి రెండు గంటలకు పెట్టిన మెసేజ్ పొద్దున చూశాను. మీ అమ్మకు చెప్పను, ఆ దిగులు వదిలెయ్. ఎవరు, ఎక్కడ, ఎందుకు అని కూడా అడగను. పద్దెనిమిదేళ్లు గవర్నమెంటాసుపత్రి ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో, కౌన్సెలర్‌గా కూర్చున్నవాణ్ని, ఇలాంటివి విని నాకు అలవాటే.

నీ మెసేజ్‌లో పనికొచ్చే ముక్క ఒక్కటే, ఆగస్టు 9 రాత్రి కండోమ్ చిరిగిందన్నది. మిగతా అంతా గొంతునొప్పి, నాలుక మీద తెల్లపూత, మెడలో, చంకలో బిళ్లలు, విరేచనాలు. గూగుల్‌లో చదివి ఒక్కోటీ ఒంటి మీద వెతుక్కున్నట్టున్నావు. నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చేవాడు, మెడకి రెండు పక్కలా కమిలిపోయి ఉండేది. గడ్డలు పెరుగుతున్నాయి సార్ అంటాడు, రోజుకి ఎన్నిసార్లు నొక్కి చూస్తున్నావురా అంటే లెక్కలేదు సార్ అన్నాడు. నొక్కీ నొక్కీ వాపు తెచ్చుకున్నాడు. అద్దం ముందు ఫోన్ టార్చి వేసుకుని నాలుకని బ్రష్షుతో గీకేవాడట, నెత్తురొచ్చేది, ఆ నెత్తురు చూసి మళ్లీ హడలిపోయేవాడు. చివరికి వాడికి ఏమీ లేదని తేలింది. కొత్తగా హెచ్‌ఐవీ సోకినప్పుడు రెండు నుంచి నాలుగు వారాల మధ్య కొందరికి జ్వరం, దద్దుర్లు వస్తాయి, కొందరికి అసలేమీ రావు. అవే జ్వరం, గొంతునొప్పి వానాకాలంలో ఎవరికైనా వస్తాయి. అందుకని లక్షణాలు చూసి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. క్యాలెండర్ చూసుకో చాలు.

ఇప్పుడు లెక్క విను. ఆ అమ్మాయికి హెచ్‌ఐవీ ఉందో లేదో నీకు తెలియదు. ఉందనే అనుకుందాం, మందులు కూడా వాడట్లేదనుకుందాం, అప్పుడైనా కండోమ్ లేకుండా ఒకసారి కలిస్తే మగవాడికి సోకే అవకాశం పది వేలలో సుమారు నాలుగు. పుండ్లు, సుఖవ్యాధులు ఉంటే ఇది పెరుగుతుంది. అసలే ప్రమాదం లేదని నీకు అబద్ధం చెప్పను, అందుకే టెస్ట్ చేయించుకోమంటున్నాను. కానీ నువ్వు అప్పుడే చచ్చిపోయినట్టు రాశావు చూడు, దానికీ ఈ అంకెకీ పొంతన లేదు.

ఒక్క విషయంలో మాత్రం నీ మీద కోపమొచ్చింది. మర్నాడే ఫోన్ చేసి ఉంటే వైరస్ ఒంట్లో పాతుకోకుండా ఆపే పెప్ మందులు ఇప్పించేవాణ్ని. 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది, తర్వాత 28 రోజులు మానకుండా వేసుకోవాలి. పదకొండో రోజున వాటితో లాభం లేదు. నీ స్నేహితులకైనా ఈ మాట చెప్పి ఉంచు.

ఐదో రోజున డబ్బులు పోసి ల్యాబ్‌లో చేయించుకున్న టెస్ట్ ఉంది కదా, ఆ నెగటివ్‌కి అర్థం ఆగస్టు 9కి కొన్ని వారాల ముందటి వరకు నువ్వు బాగున్నావని, అంతే. కొత్తగా సోకింది అంత తొందరగా టెస్ట్‌కి దొరకదు. వైరస్‌నీ, దాని మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలనీ రెంటినీ వెతికే ఫోర్త్ జనరేషన్ టెస్ట్ 45 రోజులకి, అంటే సెప్టెంబర్ 23 దాటాక చేయించు. అది నెగటివ్ వస్తే దాదాపు ఒడ్డున పడ్డట్టే. ఐసీటీసీలో చేసే ర్యాపిడ్ టెస్ట్ 90 రోజులకి, నవంబర్ 7 తర్వాత. అది ఉచితం. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం నీ ఒప్పుదల లేకుండా టెస్ట్ చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. పనిలో పని సిఫిలిస్‌కీ హెపటైటిస్-బికీ కూడా రక్తం ఇచ్చెయ్, జనం హెచ్‌ఐవీ ఒక్కదానికే భయపడి వీటిని మర్చిపోతారు. నవంబర్‌లో కూడా నెగటివ్ వచ్చాక ఇంకోసారి, ఇంకో ల్యాబ్ అంటూ తిరిగావంటే ఊరుకోను.

ఈలోపు ఎవరితో కలిసినా కండోమ్ తప్పనిసరి. రక్తదాన శిబిరానికి వెళ్తే ఊరికే టెస్ట్ చేసిపెడతారు కదా అనే అతితెలివి మాత్రం వద్దు, నీలాంటివాళ్లే ఒకరిద్దరు గొప్పగా చెప్పుకుంటే తిట్టి పంపాను. అంత తొందరలో ఇచ్చిన రక్తంలో వైరస్ ఉన్నా పట్టుబడకపోవచ్చు, అది ఎవరో బాలింతకి ఎక్కిస్తారు. మీ అమ్మ నీకు సంబంధాలు చూస్తోందని తెలుసు, కార్తీకమాసం వెళ్లాక చూద్దామని నేను నచ్చజెబుతాలే.

నేను చూసిందొకటి చెప్పనా? ముద్దు పెట్టుకున్నందుకే వణుకుతూ వచ్చినవాళ్లున్నారు, ముద్దుతో హెచ్‌ఐవీ రాదు. నిజంగా ప్రమాదం ఉన్న లారీ డ్రైవర్లేమో బీడీ చెవిలో పెట్టుకుని నిమ్మళంగా కూర్చునేవాళ్లు. నిన్ను తినేస్తున్నది తప్పు చేశాననే బాధేమో కాస్త ఆలోచించు. దానికి రక్తపరీక్షలో జవాబు దొరకదు. నిద్ర అస్సలు పట్టకపోతే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. హెచ్‌ఐవీ సందేహాలకి 1097. రెండూ ఉచితమే.

ఒకవేళ పాజిటివ్ వచ్చిందే అనుకో, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో అవి ఉచితం, చాలామందికి రోజుకి ఒక్క మాత్ర. మానకుండా వేసుకుని వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, కనబడనంత తగ్గి అలాగే నిలిస్తే కలయిక ద్వారా ఎదుటివాళ్లకి సోకదు. నా దగ్గర పేరు రాయించుకున్నవాళ్లు పిల్లల పెళ్లిళ్లు చేసి శుభలేఖలు తెచ్చి ఇచ్చారు.

సెప్టెంబర్ 24న సెలవు పెట్టు. ముందురోజు రాత్రి బస్సుకి నేనొస్తాను, ఇద్దరం కలిసి వెళ్దాం. ఇవాళ మాత్రం ఫోన్ పక్క గదిలో పెట్టి పడుకో.

మీ మావయ్య