డయాలసిస్ యూనిట్‌లో ఏం అడగాలి, ఎలా అడగాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని. మెషీన్ పని బాగా వచ్చు, అలారం మోగితే దూరం నుంచే కారణం చెప్పగలను. ఈమధ్య ట్రైనింగ్‌లో "పేషెంట్ల అనుభవం నుంచి నేర్చుకోండి" అని మరీ మరీ చెప్పారు. సరేనని రోజూ ప్రతి బెడ్ దగ్గరా ఆగి "ఎలా ఉన్నారండీ?" అని అడుగుతున్నాను. అందరూ "బాగానే ఉన్నాం" అంటున్నారు. ఇందులో నేర్చుకునేదేముంది?

జవాబు: ఆ ప్రశ్నకి ఆ జవాబే వస్తుంది మరి! అవతలి మనిషి చేతికి రెండు సూదులున్నాయి, అవి పెట్టింది మీరు, ఎల్లుండి మళ్లీ పెట్టేదీ మీరే. మీతో పేచీ ఎందుకని ఎవరైనా బాగానే ఉన్నామంటారు. పైగా పక్క బెడ్ వాళ్లు వింటుంటారు, బయట తర్వాతి షిఫ్టు వాళ్లు కూర్చుని ఉంటారు, మీరు నిలబడిన తీరులోనే తొందర కనిపిస్తుంది.

కాస్త ఇరుకైన ప్రశ్న వేయండి. "మొన్న డయాలసిస్ అయ్యాక ఇంటికెళ్లి ఎంతసేపటికి మామూలు మనిషయ్యారు?" అని అడిగి చూడండి. ఈ ఒక్క ప్రశ్ననే పరిశోధకులు కూడా ఒక కొలమానంగా వాడుతున్నారు. ఒకరు గంటసేపు పడుకుని లేచానంటారు, ఇంకొకరు మర్నాడు పొద్దునదాకా మంచం దిగలేదంటారు. మీ చార్టులో మాత్రం ఇద్దరి సెషనూ ఒకేలా ఉంటుంది, బీపీ నిలకడగా, టైమ్ పూర్తిగా, ఏ గొడవా లేకుండా. వారానికి 3 సార్లు, 4 గంటల చొప్పున చూసుకుంటే 168 గంటల్లో మీ కళ్లముందు ఉండేది 12 గంటలే. మిగతా 156 గంటల సంగతి వాళ్లు చెబితేనే మీకు తెలుస్తుంది.

మర్నాటిదాకా లేవలేకపోయానన్న మాట వింటే "అయ్యో పాపం" అని ఊరుకోకండి, మీ పని అక్కడే మొదలవుతుంది. ఆయన ఒంట్లోంచి మెషీన్‌తో గంటకి ఎంత నీరు తీస్తున్నారో లెక్క కట్టండి. కిలో బరువుకి గంటకి 13 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ వేగమని చాలాచోట్ల ఒక గీత గీసుకున్నారు. 60 కిలోల మనిషికి 4 గంటల్లో అది 3 లీటర్ల పైచిలుకు. ఆయన దగ్గర నాలుగు లీటర్లు లాగుతుంటే గీత దాటేసినట్టే. అలాంటప్పుడు సెషన్ టైమ్ పెంచాలా, మరో రోజు పిలవాలా, మెషీన్ టెంపరేచర్ కొంచెం తగ్గించి చూడాలా అన్నది డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం. ఒక్కోసారి చిక్కంతా డ్రై వెయిట్‌లో, అంటే అదనపు నీరంతా తీశాక మనిషి ఉండాల్సిన బరువని మనం రాసుకున్న నెంబరులో ఉంటుంది. మనిషికి ఆకలి పుట్టి, తిని, కాస్త కండ పట్టి ఉంటాడు, మనం మాత్రం పాత నెంబరు పట్టుకుని ఇంకా పిండుతూనే ఉంటాం. చివరి గంటలో పిక్కలు పట్టేస్తున్నాయని ఆయన మూడుసార్లు చెప్పినా "నీళ్లు తక్కువ తాగండి" అని సర్దిచెప్పి పంపేస్తాం. నన్నడిగితే డయాలసిస్‌లో మనం ఎక్కువగా పెడచెవిన పెట్టేది ఈ పిక్కల మాటే.

ఇంకోటి. బీపీ పడిపోబోతోందని చేతికి చుట్టిన బీపీ పట్టీ కంటే ముందే మనిషికి తెలిసే సందర్భాలు ఎన్నో. కొందరికి వరసగా ఆవులింతలొస్తాయి, కొందరికి కడుపులో తిప్పుతుంది, కొందరు ఊరికే అటూ ఇటూ మసులుతుంటారు. "మీకు పడిపోయే ముందు ఏమనిపిస్తుంది?" అని అడిగి, ఆ జవాబుని వాళ్ల మాటల్లోనే చార్టు పైన రాసిపెట్టండి. "ఈయనకి ముందు ఆవులింతలు" అని ఒక్క ముక్క రాసి ఉంటే, రేపు మీరు సెలవులో ఉన్నా మీ బదులు వచ్చినవాళ్లు ఆయన నోరు తెరవగానే పరుగెత్తుకొస్తారు.

మనకి ముఖ్యమనిపించేదీ వాళ్లకి ముఖ్యమనిపించేదీ ఒకటి కాకపోవచ్చు కూడా. సాంగ్ అనే అంతర్జాతీయ పరిశోధక బృందం పేషెంట్లనీ, వాళ్ల ఇంటివాళ్లనీ, డాక్టర్లనీ, నర్సులనీ ఇదే అడిగింది. 2017లో వచ్చిన ఫలితాల్లో వైద్యులు, నర్సులు మరణం, ఆసుపత్రిలో చేరడం లాంటివాటికి పేషెంట్ల కంటే ఎక్కువ మార్కులేశారు. పేషెంట్లు, ఇంటివాళ్లేమో ప్రయాణాలు చేయగలగడం, డయాలసిస్ లేకుండా దొరికే సమయం, అయ్యాక వచ్చే నిస్సత్తువ, వీటికి మనకంటే ఎక్కువ వేశారు. హిమోడయాలసిస్ (మెషీన్‌తో రక్తం శుద్ధి చేసే ఈ డయాలసిస్) మీద చేసే ప్రతి పరిశోధనలోనూ అలసటని తప్పక కొలవాలని చివరికి తేల్చింది కూడా ఆ కసరత్తే.

ప్రశ్న: నేను కొన్నేళ్లుగా డయాలసిస్ చేయించుకుంటున్నాను. నా ఫిస్ట్యులాలో (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి చేతిలో సిద్ధం చేసిన రక్తనాళంలో) సూది ఎక్కడ సాఫీగా దిగుతుందో నాకు తెలుసు. కొత్తగా వచ్చిన స్టాఫ్‌కి చెబితే "మాకు తెలుసులెండి" అంటారు, ముఖం కూడా మాడ్చుకుంటారు. సూది ముందు టెన్షన్ కంటే ఈ టెన్షన్ ఎక్కువైంది. చెప్పడం మానేయమంటారా?

జవాబు: మానకండి. కాకపోతే సూది కవర్ తీయకముందే చెప్పండి, వేలితో చూపించి చెప్పండి. "కిందటిసారి ఇక్కడ రక్తం బయటికి పాకి వాచింది, దీనికి రెండు వేళ్లు పైన పెట్టండి" అంటే విననివాళ్లు తక్కువ. "మీకు సరిగా రాదు, సీనియర్‌ని పిలవండి" అని మొదలుపెడితే మాత్రం ఎవరికైనా చిర్రెత్తుతుంది, ఆ చిరాకులో చెయ్యి కూడా వణుకుతుంది, నష్టం మీకే.

మీకూ ఒక మాట చెప్పాలి. మీరు చూపించే చోటు ప్రతిసారీ ఒకటే అయితే, అక్కడ నొప్పి తెలియదు కాబట్టి అక్కడే పెట్టమంటున్నట్టయితే, స్టాఫ్ వద్దనడంలో న్యాయముంది. ఒకే చోట అటూ ఇటూ గుచ్చుతూ పోతే రక్తనాళం గోడ పలచబడి బుడగలా ఉబ్బుతుంది. అందుకే నిచ్చెన మెట్లెక్కినట్టు ప్రతిసారీ చోటు మారుస్తూ పోతారు. అదే రంధ్రంలో, అదే కోణంలో పెట్టే బటన్‌హోల్ పద్ధతి వేరే ఉంది. దాని పుట్టుక కూడా ఒక పేషెంటు చేతి మీదే జరిగింది. 1970లలో పోలండ్‌లో ట్వార్దోవ్‌స్కీ అనే డాక్టర్ దగ్గరున్న ఒక పేషెంటుకి సూది పెట్టడానికి చోటు పెద్దగా లేక ఉన్న చోటే మళ్లీ మళ్లీ పెట్టాల్సి వచ్చింది, తీరా చూస్తే అలాగే సులువుగా ఉంది. కానీ దానికి దారి పడ్డాక మొద్దుసూది వాడాలి, ప్రతిసారీ రంధ్రం మీద కట్టిన పక్కు శుభ్రంగా తీయాలి, ఇన్‌ఫెక్షన్ భయం మామూలు పద్ధతి కంటే ఎక్కువ. యూనిట్ అంతా నేర్చుకుని చేయాల్సిన పని అది, మీరూ ఒక సిస్టరూ మాట్లాడుకుని చేసుకునేది కాదు.

ఇది చదువుతున్న స్టాఫ్‌కి కూడా. చెయ్యి పట్టుకోగానే "కిందటిసారి ఎక్కడ పెట్టారు, ఎలా ఉంది?" అని అడగడానికి పట్టే సమయం రెండోసారి గుచ్చడానికి పట్టే సమయం కంటే చాలా తక్కువ. పేషెంటు ఫలానా సిస్టర్ కావాలంటే మనసుకి తీసుకోకండి. ఆ సిస్టర్ పక్కన నిలబడి చూడండి. బహుశా ఆవిడ మీ అందరికంటే ఎక్కువసేపు వేళ్లతో తడిమి చూస్తోందేమో, మత్తు క్రీమ్ రాసి అరగంటో గంటో ఆగుతోందేమో.

ప్రశ్న: యూనిట్ ఇన్‌ఛార్జిని. ఫీడ్‌బ్యాక్ ఫారాలు పెట్టాం, అన్నీ ఐదుకి ఐదు. పేషెంట్ల చేత కొత్త స్టాఫ్‌కి మాట్లాడిస్తే ఎలా ఉంటుంది?

జవాబు: ఫారాలు చించేయండి అనను గానీ, ఒక చెయ్యి కదపలేని మనిషి చేత సిస్టర్ ఎదురుగా నింపించిన ఫారానికి విలువ లేదు. మాట్లాడించడం మంచి ఆలోచన. చక్కగా మాట్లాడే ఒక్కరినే ప్రతిసారీ పిలవకండి, ఎప్పుడూ సణిగే ఆయన్ని కూడా పిలవండి, ఆయన సణుగుడులో సగం నిజం ఉంటుంది. వాళ్ల ఖాళీ రోజు పాడుచేయకుండా సెషన్‌కి ముందో, ఫోన్‌లోనో పెట్టుకోండి, వాళ్లు చెప్పినదాన్ని అనుమతి లేకుండా ఎక్కడా వాడకండి. చెప్పాక ఏం మారిందో వాళ్లకి తిరిగి చెప్పాలి, లేకపోతే రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

స్వీడన్‌లోని రైహోవ్ ఆసుపత్రిలో 2005లో ఒక పేషెంటు తన డయాలసిస్ తనే చేసుకుంటానని నర్సుని అడిగితే, ఆవిడ నేర్పింది. ఆయన్ని చూసి మరికొందరు నేర్చుకున్నారు, చివరికి అక్కడ ఎవరిది వాళ్లు చేసుకునే యూనిటే ఏర్పడింది. మీరు అంతదూరం వెళ్లనక్కర్లేదు. బరువు చూసుకోవడం, బీపీ రాసుకోవడం, సూది తీశాక తనే ఒత్తి పట్టుకోవడం, వీటితో మొదలుపెట్టొచ్చు, అదీ ఇష్టమున్నవాళ్లతోనే. నాలుగు గంటలు నన్ను వదిలేయండి, కళ్లు మూసుకుంటాను అనేవాళ్లని వదిలేయండి.

ప్రశ్న: ఉప్పు, నీళ్లు తగ్గించమంటే పేషెంట్లు వినరు. మేమేం చేయాలి? (ఒక స్టాఫ్ నర్స్)

జవాబు: "ఎందుకు తాగారు?" అనకుండా "దాహం ఎప్పుడు ఎక్కువ?" అని అడగండి. డయాలసిస్ అయిన రాత్రే నాలుక పిడచగట్టుకుపోతోందంటే డయలైసేట్‌లో (మెషీన్‌లో రక్తాన్ని శుద్ధి చేసే ద్రవంలో) సోడియం ఎంత పెట్టారో డాక్టర్‌ని ఒకసారి చూడమనండి, అది ఎక్కువైనా దాహం వేస్తుంది. అలా కాక రోజంతా దాహమంటే తిండిలో ఉప్పు సంగతి మాట్లాడొచ్చు, షుగర్ ఉన్నవాళ్లయితే అదీ చూడాలి. మధ్యలో రెండు రోజుల గ్యాప్ వచ్చాక వచ్చినవాళ్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి, ఆ గ్యాప్ తర్వాతి రోజునే మరణాలు, ఆసుపత్రిలో చేరడాలు ఎక్కువని 2011లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపించింది. "రాత్రి వెల్లకిలా పడుకోగలిగారా, ఎన్ని దిండ్లు పెట్టుకున్నారు?" అని అడగండి. ఒకటికి బదులు మూడు అన్నారంటే నీరు ఊపిరితిత్తుల దాకా చేరి ఉండొచ్చు, మెషీన్‌కి కలిపే ముందే డాక్టర్‌కి ఆ మాట చేరాలి.