తమ్ముడికి తలసీమియా.. అక్కకు కడుపునొప్పి!

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. బాబుకు ఆరేళ్లు. ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాని తలసీమియా మేజర్ జబ్బు అని పుట్టిన ఎనిమిదో నెలలో బయటపడింది. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించడానికి హైదరాబాద్ తీసుకెళ్తాను. ఆ రెండ్రోజులూ పాప మా అత్తమ్మ దగ్గర ఉంటుంది. పాపకు పదేళ్లు, ఐదో తరగతి. ఎప్పుడూ మారాం చేసింది లేదు. అలాంటిది నాలుగు నెలలుగా మేం బయల్దేరే రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటోంది. స్కానింగ్ చేయిస్తే ఏమీ లేదన్నారు. మొన్న ‘నాకూ రక్తం ఎక్కిస్తే బాగుండు, అప్పుడు రోజంతా నా పక్కనే కూర్చుంటావు’ అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఇంకో సంగతి. బాబుకు బోన్ మ్యారో (ఎముక మజ్జ) మార్పిడి కోసం, పాప మజ్జ వాడికి సరిపోతుందో లేదో చూసే హెచ్ఎల్ఏ రక్తపరీక్ష చేయించమన్నారు. పాపకు చెప్పాలా, వద్దా? - ఓ తల్లి

డాక్టర్ సలహా: అమ్మా, మీ పాప ఆ మాట మీతో అనగలిగింది. చాలా ఇళ్లలో పిల్లలు ఆ మాట లోపలే దాచుకుంటారు. ఎప్పుడో పదిహేనేళ్ల వయసులో, చదువు దెబ్బతిన్నాకో ఇంట్లో మాట్లాడటం మానేశాకో మా దగ్గరికి వస్తారు. కాబట్టి ‘అదేం మాట, తప్పు, అలా అనకూడదు’ అని మాత్రం అనకండి. ఒక్కసారి అలా అంటే మళ్లీ మీతో చెప్పదు. ‘నేను నీ పక్కన కూర్చోవడం లేదని నీకు బాధగా ఉంది కదూ’ అని దగ్గరికి తీసుకోండి. తనకు తమ్ముడి మీద అసూయ కాదు. తనకు కావాల్సింది మీరు.

ఆ కడుపునొప్పి నాటకం కూడా కాదు. మనసులో ఆందోళన ఉన్నప్పుడు పేగుల కదలిక మారుతుంది, మామూలు కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. పరీక్ష రోజున మనకు కడుపులో తిప్పినట్టు ఉండటం లాంటిదే. అయినా స్కానింగ్‌తో సరిపెట్టకుండా ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించండి. మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటివి స్కానింగ్‌లో తెలియకపోవచ్చు. నొప్పితో రాత్రి నిద్రలో లేస్తున్నా, బరువు తగ్గుతున్నా, జ్వరం, పదేపదే వాంతులు, మలంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయొద్దు. ఇవేవీ లేకపోతే పొట్ట మీద కాసేపు చేయి వేసి, ‘నొప్పి తగ్గిపోతుంది’ అని ధైర్యం చెప్పి బడికి పంపండి.

అసలు తమ్ముడికి ఏమైందో పాపకు ఎంతవరకు తెలుసు? చాలామంది తల్లిదండ్రులు ‘చిన్నపిల్ల, దానికెందుకు’ అనుకుంటారు. చెప్పకపోతే పిల్లలు తమకు తోచింది ఊహించుకుంటారు. తొమ్మిదేళ్ల బాబు ఒకడు, తాను ఊయల గట్టిగా ఊపడం వల్లే చెల్లి ఒంట్లో రక్తం తగ్గిందని మూడేళ్లు నమ్మాడు. ఎవరికీ చెప్పలేదు. చెల్లి ఏడ్చినప్పుడల్లా వణికిపోయేవాడు.

అందుకే మామూలు మాటల్లో చెప్పండి. ‘మన ఒంట్లో ఎర్ర రక్తకణాలు దాదాపు 120 రోజులు ఉంటాయి. తమ్ముడి ఒంట్లో అవి సరిగ్గా తయారు కావు, తొందరగా పాడైపోతాయి. అందుకే వేరేవాళ్లు దానం చేసిన రక్తం ఎక్కిస్తాం. ఇది వాడు పుట్టకముందే అమ్మానాన్నల నుంచి వచ్చింది. నువ్వు చేసిందేమీ లేదు. నీకు అంటుకోదు.’ మీకు నోరు రాని ప్రశ్న కూడా అడగొచ్చు, ‘తమ్ముడు చచ్చిపోతాడా?’ అని. ఉలిక్కిపడకండి. ‘ఇది పెద్ద జబ్బే. కానీ టైముకు రక్తం ఎక్కించి, ఒంట్లో పేరుకునే ఐరన్ తగ్గించే మందులు వాడితే పెద్దయి చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఉన్నారు. మనం అవన్నీ చేస్తున్నాం’ అనండి. అది నిజం కూడా. సెలవు రోజు కలిసొస్తే ఒక్కసారి తననూ హైదరాబాద్ తీసుకెళ్లండి, ఆసుపత్రిలో ముందే అడిగి. ఆ గది, ఆ మంచం, అక్కడ తమ్ముడు బొమ్మలు చూస్తూ కూర్చోవడం కళ్లారా చూస్తే తను ఊహించుకున్న భయాలు చాలావరకు తగ్గుతాయి.

‘ఎప్పుడూ మారాం చేసింది లేదు’ అని రాశారు. నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఆ వాక్యమే. ‘మా బంగారం, ఏ గొడవా చేయదు’, ‘నువ్వు పెద్దదానివి, నువ్వే సర్దుకోవాలి’. ఇంట్లో ఈ మాటలు రోజూ వినపడితే, కోపమొచ్చినా ఏడుపొచ్చినా మింగేయాలని పిల్ల నేర్చుకుంటుంది. అత్తమ్మగారితో కూడా మాట్లాడండి. బంధువులు ‘ఆడపిల్ల, దీనికీ ఆ జబ్బు ఉందేమో, రేపు పెళ్లి ఎలా’ అని గుసగుసలాడితే అవి తన చెవిన పడతాయి. తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లయితే, అంటే జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రం ఉన్నవాళ్లయితే, ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు రావడానికి 25 శాతం అవకాశం ఉంటుంది. జబ్బు లేని తోబుట్టువులు క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. క్యారియర్ అంటే జబ్బు మనిషి కాదు. పెళ్లి చేసుకునే అబ్బాయికి కూడా క్యారియరో కాదో తెలిపే రక్తపరీక్ష చేయిస్తే చాలు.

తనకంటూ రోజూ కాస్త సమయం ఎక్కడి నుంచి తేవాలని మీరు అడుగుతారు. పొద్దున్న రెండు జడలు వేస్తారు కదా, ఆ పది నిమిషాలు ఉంది. రక్తదాతల కోసం ఫోన్ చెవికి, భుజానికి మధ్య ఇరికించుకుని, మాటల మధ్యలో పాయలు అల్లి, రిబ్బన్ బిగించి ‘ఇక పో’ అనేసే తల్లులను ఎంతమందినో చూశాను. తప్పుపట్టడం లేదు, ఆ రక్తం యూనిట్ దొరకకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. కానీ ఆ పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టండి. తమ్ముడి మాట ఎత్తకుండా తన స్నేహితురాళ్ల గురించి, టీచర్ గురించి అడగండి. వీలైతే రెండు మూడు విడతలకోసారి వాళ్ల నాన్నను బాబుతో పంపి, మీరు పాపతో ఉండండి. రక్తం ఎక్కించాక బాబుకు బొమ్మ కొంటుంటే, ఏడవకుండా ఇంట్లో ఉన్నందుకు పాపకు ఏమీ ఉండటం లేదన్నది కూడా గమనించండి. క్లాస్ టీచర్‌కూ విషయం చెప్పి ఉంచండి.

ఇక హెచ్ఎల్ఏ పరీక్ష. చెప్పాలి, అదీ రక్తం తీయకముందే చెప్పాలి. తోబుట్టువుల మధ్య పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతమే. సరిపోకపోతే ‘నేను పనికిరాలేదు’ అని పిల్ల కుమిలిపోకూడదు కాబట్టి, అది కళ్ల రంగు, జుట్టు రంగు లాంటిదని ముందే చెప్పండి. సరిపోతే మత్తు ఇచ్చి, నడుము వెనక తుంటి ఎముకలోంచి సూదితో మజ్జ తీస్తారు. కొన్ని రోజులు నొప్పి ఉంటుంది. తీసిన మజ్జ కొన్ని వారాల్లో మళ్లీ తయారవుతుంది. తనకు వచ్చే సందేహాలు తీర్చడానికి తమ్ముడికి వైద్యం చేసే డాక్టర్ కాకుండా వేరే డాక్టర్‌తో మాట్లాడించమని అడగండి. ‘తమ్ముడి ప్రాణం నీ చేతుల్లోనే ఉంది’ అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. మార్పిడి ఒక్కోసారి విఫలమవుతుంది. అప్పుడు ఆ మాట పిల్ల గుండెల మీద జీవితాంతం ఉంటుంది. పైగా మార్పిడి తర్వాత బాబును వారాల తరబడి ప్రత్యేక గదిలో ఉంచుతారు, మీరు అక్కడే ఉంటారు. మజ్జ ఇచ్చిన పిల్ల మళ్లీ ఒంటరిగా నాయనమ్మ దగ్గరే. ఆ వారాల్లో తన దగ్గర ఎవరుంటారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.

రెండు వారాలకు మించి నిద్ర, తిండి తగ్గినా, బడికి వెళ్లనని మొండికేసినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి అన్నా పిల్లల మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

వచ్చే ప్రయాణానికి ముందురోజు రాత్రి, ఎన్నింటికి బయల్దేరతారో, ఎప్పుడు తిరిగొస్తారో పాపతో కూర్చుని చెప్పండి. బడి నుంచి రాగానే ఫోన్ చేస్తానని చెప్పి, ఆ టైముకు తప్పకుండా చేయండి. ఫోన్లో ముందు తన సంగతులు అడగండి. తమ్ముడి సంగతి తను అడిగాక చెప్పొచ్చు.