లాంతర్లు ఆర్పేశాక

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. చైనాలోని సుజౌలో డాక్టరు చదువు చదువుతూ, పరీక్షల టెన్షన్ మధ్య దొరికిన ఒక్క ఆదివారం దగ్గర్లోని పాత కాలువల ఊరు జౌజువాంగ్ వెళ్లొచ్చి, ఆ రాత్రే కూర్చుని ఆరు పేజీలు రాశావంటే ముచ్చటేసింది. కాకపోతే ఆ ఆరు పేజీల్లో 'ప్రశాంతత' పదకొండు సార్లు వచ్చింది. లెక్కపెట్టాను. 'కాలం ఆగిపోయినట్టుంది' రెండుసార్లు. 'అచ్చం మన కోనసీమే' ఒకసారి.

కోపం తెచ్చుకోకు. నేను ఇంతకన్నా పెద్ద తప్పే చేశాను. చాలా ఏళ్ల కిందట ఆ ఊరు మొదటిసారి చూసింది మిట్టమధ్యాహ్నం, టూరిస్టు బస్సు దిగి. రెండు గంటలు తిరిగి, ఇంటికొచ్చి, 'తూర్పు దేశపు వెనిస్' అని పేరు పెట్టి ఒక వారపత్రికకు పంపాను. వేశారు కూడా. రెండు వారాల తర్వాత ఒక పాఠకుడు కార్డు రాశాడు: "అయ్యా, తమరు వెనిస్ చూశారా?" చూడలేదు. ఇప్పటికీ చూడలేదు. ఆ కార్డు ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది.

నువ్వు జంట వంతెనల మీద రాసిన పేరా నాకు ముందే తెలిసినట్టు అనిపించింది. ఎందుకో చెప్తాను. చెన్ యిఫే అనే చిత్రకారుడు 1984లో ఆ వంతెనల్ని నూనెరంగుల్లో వేశాడు. అమెరికా చమురు వ్యాపారి ఆర్మండ్ హామర్ ఆ బొమ్మని కొని, అప్పటి చైనా నాయకుడు డెంగ్ జియావోపింగ్‌కి కానుకగా ఇచ్చాడు. మరుసటి ఏడాది అది ఐక్యరాజ్యసమితి తపాలా కవరు మీదికెక్కింది. చుట్టూ నీళ్లే ఉన్న ఊరు, పడవే దారిగా బతికిన ఊరు, ఒక్క బొమ్మతో లోకానికి తెలిసిపోయింది. అప్పట్నుంచీ వచ్చినవాళ్లందరూ ఆ బొమ్మలో కనిపించినట్టే వంతెనలు కనిపించే చోటు వెతుక్కుని నిలబడతారు. నువ్వూ అక్కడే నిలబడ్డావు. మింగ్ రాజుల కాలం నాటి ఆ రెండు వంతెనల్లో ఒకదాని కమాను గుండ్రం, రెండోదాని కింద ఖాళీ నలుచదరం. రెండు కాలువలు కలిసే మూలన ఒకదానికొకటి అడ్డంగా ఆనుకుని ఉంటాయి కాబట్టి, పాతకాలపు తాళంచెవిలా ఉందని వాటిని తాళంచెవి వంతెన అంటారు. నీ పేరాలో గుండ్రం ఉంది, నలుచదరం లేదు. నీకన్నా ముందు ఆ బొమ్మ నీ కళ్లలోకి వెళ్లి కూర్చుంది మరి.

రెండోసారి వెళ్లినప్పుడు ఊళ్లోనే కాలువ పక్క గది తీసుకుని రాత్రి ఉన్నాను. చివరి బస్సులు పోయాక కూడా కాసేపు సందడే. ఎర్ర లాంతర్లు, సెల్ఫీలు, బెల్లం రంగు తిరిగిన పంది జబ్బ మాంసం వాసన. షెన్ వాన్‌సాన్ అనే పాత కోటీశ్వరుడి పేరు మీద అమ్మే వంటకం అది, ప్రతి పది అడుగులకీ ఒక కొట్టు. అప్పుడు ఎవరో స్విచ్ నొక్కారు. వరసగా లాంతర్లు ఆరిపోయాయి. నేను కూడా నీలాగే 'ప్రశాంతత' అని నోట్‌బుక్‌లో రాయబోయాను. రాయనివ్వలేదు ఊరు. ఎన్ని చప్పుళ్లో! మేడ మీద ఎవరిదో దగ్గు. టీవీలో ఎవరో నవ్వడం. కట్టేసిన పడవలు ఒకదాన్నొకటి తట్టుకోవడం. కింద రాతి గోడకి నీళ్లు నాకుతున్నట్టు చిన్న శబ్దం.

తెల్లవారుజామున ఇంకా ఎక్కువ. కొట్ల ముందు తలుపులంటే చెక్క పలకలే. ఒక్కొక్కటే ఊడదీసి గోడకి ఆనించారు. ఒకాయన చిన్న పడవలో వచ్చి వలగరిటెతో నీళ్లలో ఆకులు, ప్లాస్టిక్ కప్పులు తీశాడు. ఒకావిడ మెట్లు దిగి బకెట్‌లో తుడుపుగుడ్డ జాడించింది. ఆ ఊరి వాళ్లు పనికి దిగే గంట అది. నువ్వు అమ్మ కోసం బజారులో బహుమతులు కొన్న గంటకన్నా నీ వ్యాసానికి అదే అవసరం.

కోనసీమ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే నేను అక్కడివాణ్ణే. మనకి ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక కాలువలు ప్రధానంగా పొలానికి నీళ్లివ్వడానికి వచ్చాయి. మా ఊళ్లో ఇల్లు రోడ్డు వైపు చూస్తుంది, కాలువ దగ్గర ఊరందరికీ కలిపి ఒక రేవు. జౌజువాంగ్‌లో కాలువే వీధి. నీళ్లలోకి దిగే రాతిమెట్లు చాలా ఇళ్లకి సొంతంగా ఉంటాయి. ఝాంగ్ వారి ఇల్లుందే, దాని గురించి ముందు గుమ్మంలోకి పల్లకి వస్తుంది, ఇంట్లోంచి పడవ పోతుంది అని చెప్పుకుంటారు. నిజంగానే ఇంటి కిందుగా కాలువ వెళ్తుంది. మన పడవవాడు గెడ వేస్తాడు. అక్కడి ఆడవాళ్లు వెనక నిలబడి ఒక్కటే పొడుగాటి తెడ్డుని నీళ్లలోంచి తీయకుండా, చేప తోక ఆడించినట్టు అటూ ఇటూ తిప్పుతారు. 'అచ్చం మన కోనసీమే' అనగానే ఇవన్నీ కనిపించకుండా పోయాయి నీకు.

ఇక ఆగిపోయిన కాలం. 1742లో కట్టిన షెన్ వారి ఇంట్లో వందకు పైగా గదులు. ఇప్పుడు టికెట్ చూపించి లోపలికి వెళ్తావు. గట్టు రాళ్లలో పడవ తాడు కట్టడానికి చెక్కిన కన్నాలున్నాయి, వాటిలో చాలావాటికి తాడు లేదు. 1980లలో టోంగ్జీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ రువాన్ యిసాన్ లాంటివాళ్లు పట్టుబట్టి పాత ఊరిని కాపాడే ప్లాన్ గీయకపోతే ఈపాటికి కాంక్రీటే ఉండేది. అంత కష్టపడి నిలబెట్టిన దాన్ని ఆగిపోయిందంటే ఎలా?

వీలైతే ముసలమ్మల టీ దగ్గర కూర్చో. ఆపో చా అంటారు. ఊరగాయ కూర నంజుకుంటూ గంటలకొద్దీ కబుర్లు. వాళ్లది ఆ ప్రాంతపు వూ యాస, నీ ఆసుపత్రి చైనీస్‌కి అందదు. అర్థం కాకపోతే అర్థం కాలేదనే రాయి. వాళ్ల నోట్లో వేదాంతం మాత్రం పెట్టకు. ఎక్కువభాగం కూరల ధరలే అయి ఉంటాయని నా అనుమానం.

మళ్లీ వెళ్లేటప్పుడు శనివారం రాత్రి అక్కడే ఉండు. జూన్ మధ్య నుంచి జూలై దాకా అక్కడ ముసురు, ప్లమ్ పళ్లు పండే వేళ వస్తుందని ప్లమ్ వాన అంటారు. రేవు మెట్లు పాచి పట్టి ఉంటాయి, జారని చెప్పులు వేసుకో. ఫోన్ గదిలో పెట్టి దిగు. రెండు పేజీలు చాలు, 'ప్రశాంతత' లేకుండా. ఆ తుడుపుగుడ్డ జాడించే ఆవిడ కనిపిస్తే, ఆవిడ బకెట్ ఏ రంగో కూడా రాయి. నేను చూసినప్పుడు చీకటి, తెలియలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు