ఒహాయోలోని బెర్లిన్ టౌన్‌షిప్: నేను చూసినంత మేరకు

అమెరికాలో టౌన్‌షిప్ అంటే చిన్న పట్టణమేనా, అక్కడ బతుకు ఎలా ఉంటుంది అని అడిగారు. మన దగ్గర ఆ మాట వినగానే ప్రహరీగోడ, వరుస ఇళ్లు, గేటు దగ్గర కాపలాదారు గుర్తుకొస్తారు. ఒహాయో రాష్ట్రంలో మాత్రం అది కౌంటీకి (మన జిల్లా లాంటిది) లోబడి, ఊళ్లనూ పొలాలనూ కలిపి గీసిన పాలనా పరిధి. ఉద్యోగరీత్యా నేను రెండేళ్లు హోమ్స్ కౌంటీలోని బెర్లిన్ టౌన్‌షిప్‌లో అద్దెకు ఉన్నాను కనుక, దాని గురించే చెబుతాను.

1816లో వెలసిన బెర్లిన్ ఊరికి మేయరు లేడు. అది మునిసిపాలిటీ కాకపోవడం వల్ల, నాలుగేళ్ల పదవీకాలానికి ఎన్నికయ్యే ముగ్గురు ట్రస్టీలు, జమాఖర్చులు చూసే ఒక ఫిస్కల్ ఆఫీసరు టౌన్‌షిప్ వ్యవహారాలు నడుపుతారు. బడులకు వేరే పాలకమండలి, శాంతిభద్రతలకు కౌంటీ షెరిఫ్ ఉన్నందున, ట్రస్టీల పనిలో పెద్ద భాగం రోడ్లే. నేను వెళ్లిన ఒక సమావేశంలో గంటకు పైగా ఒకే ఒక్క తూము గురించి చర్చించారు. ఇంత చిన్న విషయానికి ఇంతసేపా అని మొదట అనుకున్నాను గానీ, అది పూడిపోతే వాననీరు ఎవరి పశువుల కొట్టంలోకి వెళుతుందో, పాల ట్యాంకరు ఏ దారిన చుట్టు తిరిగి రావాలో ఒక్కొక్కరే లేచి చెబుతుంటే నా అభిప్రాయం మారిపోయింది.

కౌంటీ జనాభాలో దాదాపు సగం ఆమిష్ వారే; ఆధునిక సౌకర్యాలకు చాలావరకు దూరంగా, పాత పద్ధతిలో బతికే క్రైస్తవ శాఖ వారిది. ఇంట్లో పెన్సిల్వేనియా జర్మన్ మాట్లాడతారు, పిల్లల చదువు ఎనిమిదో తరగతితో ఆపుతారు (1972లో సుప్రీంకోర్టు అందుకు సమ్మతించింది), కారు కొనరు, గుర్రపు బగ్గీలలో తిరుగుతారు. జారకుండా ఉండేందుకు గుర్రాల నాడాలకు అతికించే గట్టి లోహం తారును గీరి గీరి, రోడ్డు పొడవునా గాడి చేస్తుంది; వాన పడిన రోజు గుట్టల మీది రోడ్లపై ఆ గాడి వెంట నీళ్లు సన్నని కాలువలా దిగడం మా కిటికీలోంచి కనిపించేది.

బగ్గీలకు మెరిసే పసుపు దీపం ఉండాలని 2022లో రాష్ట్రం చట్టం చేసింది. అది ఎంత అవసరమో నాకు స్వయంగా తెలుసు. అంతకు ముందటి నవంబరులో, చీకటి పడుతుండగా గుట్ట ఎక్కి దిగబోయేసరికి ఎదురుగా బగ్గీ ఉంది. బ్రేకు తొక్కి ఆపగలిగాను. దాని వెనుక అద్దంలోంచి నల్ల టోపీ పెట్టుకున్న చిన్నపిల్ల నన్నే చూస్తోంది. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

మీరు వెళితే గుట్టల దగ్గర వేగం బాగా తగ్గించండి, ఆమిష్ వారి ముఖాలను ఫోటో తీయకండి. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారం వెళ్లడం మేలు.