పచ్చి మేకతోలు బిగిస్తే డప్పు చట్రం ఎందుకు వంకరపోతుంది?

వేపచెక్క చట్రానికి నానిన మేకతోలు మూసి, మోత గట్టిగా రావాలని బలమంతా పెట్టి లాగి, ఎండలో ఆరబెడితే రెండో రోజుకే చట్రం మెలితిరిగిందని, లోపం చెక్కదా తోలుదా అని మీరు అడిగారు. నన్నడిగితే లోపం ఎండది, ఆపైన మీ చేతి బలానిది.

ఇదే పని నేను పద్దెనిమిదేళ్ల వయసులో చేశాను. మా ఇంట్లో డప్పు పని పెదనాన్నది. ఆయన ఊళ్లో లేని రోజు చూసుకొని, మే నెలలో, మిద్దె మీద ఆ సాహసానికి దిగాను. నానిన తోలు ఎంత లాగితే అంత సాగుతుంది కనుక అప్పటికి మన బలం గొప్పగానే కనిపిస్తుంది. ఆరేటప్పుడు అది ముడుచుకుంటూ చట్రాన్ని నాలుగు వైపుల నుంచీ లోపలికి లాగుతుందన్న సంగతి నాకు తట్టలేదు. మధ్యాహ్నం అన్నం తింటుండగా పైన కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది. వెళ్లి చూస్తే చట్రపు బద్దల అతుకు ఒకటి నోరు తెరిచి ఉంది, దాని పక్కన తోలు జానెడు చీలి ఉంది.

సాయంత్రం వచ్చిన పెదనాన్న నన్ను తిట్టలేదు. చీలిన అంచును వేళ్ల మధ్య నలిపి, నాలుక చివరకు ఆనించి, "ఉప్పు కూడా సరిగా కడగలేదేరా" అన్నాడు. కుళ్లిపోకుండా ఉప్పు పట్టించిన తోలును మూడు నాలుగు నీళ్లు మార్చి కడగకపోతే, మిగిలిన ఉప్పు గాలిలోని తేమను పీలుస్తూనే ఉంటుంది. అలాంటి డప్పు ముసురు పట్టిన రోజున మంట దగ్గర ఎంత కాచినా కాసేపటికే మళ్లీ మెత్తబడుతుంది.

ఆయన మరుసటి వారం నా చేత మళ్లీ చేయించాడు. సున్నపు నీటిలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, సున్నం పోయేదాకా కడిగిన తోలును పరిచి, వెన్నుగీత చట్రానికి సరిగ్గా నడిమధ్యన వచ్చేలా పెట్టమన్నాడు, ఎందుకంటే వెన్ను దగ్గర తోలు మందంగా ఉంటుంది, ఆ మందం ఒక పక్కకు జరిగితే బిగువు కూడా అటే జరుగుతుంది. బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి దిగేటంత వదులు ఉంచి, చింతగింజలు వేయించి పొట్టు తీసి నూరి ఉడికించిన జిగురును అంచుకు పట్టించి, నీడలో ఆరబెట్టాము. బజారు జిగురు చాలదా అని అడిగేవారికి నా జవాబు ఒక్కటే: చింతగింజల జిగురు నీళ్లకు మెత్తబడి వదులుతుంది, కనుక తోలు పాడైనా చట్రం మిగులుతుంది.

ఈ రోజుల్లో ఊరేగింపులకు ప్లాస్టిక్ మూత వేసిన డప్పులు వచ్చాయి. వాటికి వాన భయం లేదు, మంట అవసరం లేదు. చిర్ర అనే వాయించే కర్ర దెబ్బకు రేకు మీద రాయి పడినట్టు మోగుతాయి. వాయించేవారిని నేను తప్పుపట్టను. వేదిక మీద కళాకారుడికి శాలువా కప్పి, తోలు గీకిన మనిషిని మాత్రం వాసన వస్తుందని దూరంగా కూర్చోబెట్టే పెద్దలను తప్పుపడతాను.

మీ చట్రం మాత్రం పారేయకండి. తడిగుడ్డ కప్పి తోలును మెత్తబరిచి విప్పండి, చట్రాన్ని చదునైన బండ మీద బోర్లించి, పైన బరువు పెట్టి, నీడలోనే ఆరనివ్వండి. అతుకులు నోరు తెరవకపోయి ఉంటే అది చాలావరకు సర్దుకుంటుంది.